అయస్కాంతానికి అంటుకున్న పొడి

వారం రోజులుగా నల్లగొండను ముసురు వదలలేదు. ఆ పొద్దున కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే పరమేశ్వర్ గొడుగైనా మడవకుండా డిటెక్టివ్ సీతారాములు గదిలోకి దూరాడు.

"సార్, నా సీసాల పొడి ఎవరో మార్చిండ్రు! ఊడ్చే బిక్షమ్మనే దొంగ అని ప్రిన్సిపాల్ అందరి ముంగట అనేసిండు. సాయంత్రానికి తేలకపోతే ఆమె కొలువు పోతది."

సోడియాన్నీ నికెల్‌నూ కలిపి, దవాఖానలో అడిగి తెచ్చుకున్న ఆక్సిజన్ పారిస్తూ, కొలిమిలో కాల్చి కాల్చి తీసిన నల్ల పొడి అది. దాని అయస్కాంత గుణం కొలిపించడానికి బెంగుళూరు పంపాలని ఆయన ఆశ.

"మారిందని ఎట్ల తెలిసింది?" అడిగాడు సీతారాములు.

"అయస్కాంతం పెడితే ఎగిరొచ్చి అంటుకున్నది."

"అంటుకుంటే మంచిదే గద సార్?" సహాయకుడు సోమన్నకు ఆరాటం ఆగలేదు.

"కాదయ్యా. అది ఉల్లిగడ్డ లెక్క పొరలు పొరలుగ ఉంటది. బాగా సల్లబరిస్తే ఒక పొర ఇటు గుంజితే, దాని మీది పొర అటు గుంజుతది. గంత సలి మన ఊళ్లె ఏడిది? గిక్కడైతే అయస్కాంతానికి అది కదలనే కదలదు. తడిగాలి తాకితే మాత్రం పాడై, చేతి తోలు ఊడగొట్టే సోడా అయితది."

కాలేజీలో బిక్షమ్మ ల్యాబ్ గడప దగ్గరే కూలబడి ఉంది. "గా బుగ్గిని నేనేం జేసుకుంట అయ్యా? కూరల ఎయ్యాల్నా?"

పక్కనే స్టోరు. వాగు ఇసుకలోంచి ఏరి, పిల్లలకు చూపడానికి ఉంచిన నల్ల ఇనుప రజను డబ్బా అడుగంటి ఉంది. స్టోరు చూసే లక్ష్మీనర్సయ్య వేళ్లు పొట్టు లేచి ఉన్నాయి.

"వేళ్లకేమైంది నర్సయ్యా?"

"నిన్న ఇంటి గోడలకు సున్నమేసిన సార్."

సీతారాములు తల ఊపాడు. సోమన్న మటుకు కిటికీలోంచి వాననే చూస్తూ ఉండిపోయాడు. ఏదో తట్టినట్టే ఉంది, అంతలోనే జారిపోతోంది.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గదిలో అందరినీ కూర్చోబెట్టాడు సీతారాములు.

"గింత ముసుర్ల గోడలకు సున్నమేసేటోడు ఉంటడా? ఆ వేళ్లను కాల్చింది సున్నం కాదు, తడిసిన పొడి. ఎవరో మూత తీసి, సరిగ్గ పెట్టలే. పొడి పాడైతే చేత్తోనే తీసి పారబోసి, స్టోర్ల ఉన్న రజను నింపిండు. అయస్కాంతం పరీక్ష అన్నరు గదా, అంటుకునేదే అసలుదని అనుకున్నడు. అంటుకున్నది గనుకనే దొరికిండు. ఏం నర్సయ్యా?"

లక్ష్మీనర్సయ్య తల వాలిపోయింది. "అంత గొప్ప పొడి ఎట్లుంటదో చూద్దామనే మూత తీసిన సార్, గంతే. కొలువు పోతదని భయమైంది."

"నీ కొలువు పోతదని నా కొలువు తీపిస్తివా?" అంది బిక్షమ్మ.

"సరే పోనీ బిక్షమ్మా, రేపట్నించి పనిలకు రా," అన్నాడు ప్రిన్సిపాల్ కాగితాలు సర్దుకుంటూ.

బిక్షమ్మ కదల్లేదు. "దొంగ అన్నది వరండాల, అందరు ఇనంగ. కాదన్నది గూడ ఆడనే చెప్పుండ్రి అయ్యా."

ప్రిన్సిపాల్ లేచి, కుర్చీ వెనక్కి జరిపి, వరండాలోకి నడిచాడు.