పాయలు విడిన వెలుగు

ఆ ఆదివారం చర్చి నుంచి తిన్నగా ల్యాబ్‌కి వెళ్ళాను. చోడవరంలో నేను ఫిజిక్స్ చెప్పే డిగ్రీ కాలేజీ వెనక ఉన్న పాత రేకుల గది అది. ఇంట్లో ఎనిమిదేళ్ళ మా చిన్నారి ఒక్కతే ఉంది. గంటలో వచ్చేస్తానని చెప్పాను.

గది మధ్యలో మా యంత్రం. లారీ టైరంత గుండ్రని ఉక్కు గొట్టం, చుట్టూ రాగి తీగలు. లోపలి గాలి పంపుతో తోడేసి, కాస్త హైడ్రోజన్ వదిలి, కరెంటిస్తే ఊదారంగు వెలుగు పుడుతుంది. అదే ప్లాస్మా. గోడలకి తగలకుండా దాన్ని అయస్కాంత బలంతో బంధించాలి. అది నిలవదు. బలం తగ్గిన బయటి అంచున ఉబ్బుతుంది, పాయలు పాయలుగా విడిపోయి గోడకేసి పారిపోతుంది. ఎందుకో కనిపెట్టడమే నా పరిశోధన.

ఆ రోజు పాయలన్నీ ఒక్కచోటికే వస్తున్నాయి. నేను తొంగి చూస్తున్న గాజు కిటికీ దగ్గరికి.

పక్కకి జరిగాను. అవీ జరిగాయి.

స్విచ్ కట్టేశాను. పంపు చప్పుడు ఆగింది. వెలుగు ఆరలేదు.

ఫ్యూజు పీకేశాను. అప్పటికీ...

కాలిన ఇనుము వాసన. తలుపు దగ్గరికి పరిగెత్తాను. గడియ తీసే ఉంది. కానీ తలుపు కదల్లేదు, అతుకు వేసినట్టు. ఫోన్‌లో సిగ్నల్ లేదు.

వెనక గాజు మీద టక్... టక్... లోపలి నుంచి. గాలి కూడా లేని చోటి నుంచి.

"గ్లోరియా..."

నా పేరు పెట్టి నన్ను పిలుస్తోంది. అది నా గొంతే.

"ఇరుగ్గా ఉందే... తియ్యవే..."

తిరిగి చూడలేదు. తలుపుకి నుదురు ఆనించి ప్రార్థన మొదలుపెట్టాను. మాటలు గుర్తు రాలేదు. గాజు భళ్ళున పగిలింది. గదిలోని గాలంతా ఒక్కసారి వెనక్కి ఈడ్చుకుపోయింది. సలసల కాగేదేదో నా మెడను రాసుకుంటూ తలుపు సందులోంచి జారిపోయింది.



తర్వాత బయట తాళం పడిన చప్పుడు. నేను తేరుకుని అరిచేసరికి అడుగుల చప్పుడు దూరమైపోయింది.

ఎంతసేపు తలుపు బాదానో. చివరికి వాచ్‌మన్ పరదేశి భోజనం చేసొచ్చి తాళం తీశాడు. నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"లోపలున్నారేటి మేడమ్? ఇందాకే బయటికొచ్చి తాళమెయ్యమన్నారు గదా!"

"నేనా?"

"నా సెయ్యట్టుకుని మరీ సెప్పేరు. ఇంటికాడ సిన్న గుంటొక్కత్తే ఉంది, బేగి ఎల్లాలన్నారు..."

చెయ్యి చాపి చూపించాడు. ముంజేతి చుట్టూ అయిదు బొబ్బలు. ఇంకా ఉబ్బుతూనే ఉన్నాయి.