ఖాళీ హాలుకి గొంతిచ్చిన మధ్యాహ్నం

ఆ ప్రార్థన మందిరంలో ఆమెని అందరూ మైకమ్మాయి అంటారు. నలభై దాటి రెండేళ్లయింది, చెవుల పక్కన జుట్టు నెరిసింది, అయినా అమ్మాయే. ఎందుకంటే అంతకుముందు ముప్పై ఏళ్లు అక్కడ మైకులు చూసుకున్నది వాళ్ల నాన్న. ఆయన మైకు మాస్టారు, కాబట్టి ఈవిడ మైకమ్మాయి.

మైకులు బాగా పనిచేసిన రోజు ఆమె ఉందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. కుయ్‌మని ఒక్క కూత వచ్చిందంటే మాత్రం మూడొందల తలలు ఒక్కసారిగా వెనక్కి తిరిగి, పైనున్న అద్దాల గది వైపు చూస్తాయి, ఆమె అక్కడ పిల్లి తోక తొక్కినట్టు. ఆ చూపులు తప్పించుకోవడంలోనే ఆమె బతుకు సగం గడిచిపోయింది.

మాస్టారికి మూడేళ్ల కిందట ఒక చలికాలంలో జ్వరం వచ్చింది. అది తగ్గేసరికి రెండు చెవులూ పోయాయి. మిషన్లు పెట్టించినా లాభం లేకపోయింది. పాటంటే చెవి కోసుకునే మనిషి, ఇప్పుడు కూతురి పెదాలు చూసి మాట పోల్చుకుంటున్నాడు. తన గొంతు తనకే వినపడక ఏ మాటైనా అరిచే చెబుతాడు. ఇంట్లో ఆయన మంచినీళ్లడిగితే వీధి చివరింటివాళ్లు తెచ్చిచ్చేలా ఉంటుంది. అయినా రోజూ ఆమెతో పాటు మందిరానికి వస్తాడు. ముందు వరసలో కూర్చుని, స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి, ఆ అదురుని బట్టి బాగుందనో బాగాలేదనో తలూపుతాడు. అది చూసిన ప్రతిసారీ ఆమె చూపు తిప్పుకునేది. నాన్న ఒక్కసారి తన గొంతు వింటే చాలనుకునేది. అంతకు మించిన కోరిక ఆమెకి లేదు.

ఆ వారంలోనే కొత్త స్పీకర్లు బిగించారు. సాయంత్రం ఆరింటి ప్రార్థనకి హాలుని సరిచేసి ఉంచాలి. బిగించగానే పని అయిపోదు. ప్రతి హాలుకీ తనకి ఇష్టమైన స్వరాలు కొన్ని ఉంటాయి. ఆ స్వరం మైకులో పడిందంటే గోడలు దాన్ని పట్టుకుని వదలవు. స్పీకర్లోంచి మైకులోకి, మైకులోంచి స్పీకర్లోకి తిరిగి తిరిగి చివరికి కూతవుతుంది. అవేవో ముందే కనిపెట్టి మిక్సర్ బల్ల మీది మీటలతో తగ్గించుకోవాలి.

మాస్టారు ఈ పని చప్పట్లతో చేసేవాడు. హాలు నడుమ నిలబడి ఒక్కసారి చప్పట్లు చరిచి, గోడలు ఏం తిరిగిస్తున్నాయో చెవులు రిక్కించి వినేవాడు. కూతురికి పని నేర్పేటప్పుడు ఆ ఒక్క మాటా చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. ఖాళీ హాలుని గొంతుతో పరీక్షించకు, చప్పట్లు కొట్టు, కర్రతో తట్టు, గొంతు మాత్రం ఇవ్వకు అని. ఎందుకని అడిగితే, అలవాటు చేయకూడదు అనేవాడు. ఎవరికి అలవాటు అని అడిగితే మాట మార్చేసేవాడు. పాతకాలం చాదస్తమని ఆమె పెడచెవిన పెట్టింది.

పని చేసేటప్పుడు హాల్లో మనుషులుండకూడదు, కూతకి చెవులు పాడవుతాయి. అందుకని వాచ్‌మన్ బయట తాళం వేస్తాడు. పని అయ్యాక ఆమె మైకులో పిలిస్తేనే తీస్తాడు. వరండాలో దానికోసమే ఒక చిన్న స్పీకరుంది. ఫోను కూడా పైకి తీసుకెళ్లదు, దాని సిగ్నలుకి కేబుళ్లు బర్రుమంటాయి. ఆ రోజు కూడా ఫోను వాచ్‌మన్ బల్ల సొరుగులో పడేసి, నాన్నని అతని పక్క కుర్చీలో కూర్చోబెట్టి, టీ తాగుతూ ఉండమని సైగ చేసి లోపలికెళ్లింది. అప్పుడు రెండున్నర.

హాలు కిటికీలకి మందపాటి తెరలు దించి ఉన్నాయి. పట్టపగలే అయినా లోపల మసక మసకగా ఉంది. ఆమె మెట్లెక్కి అద్దాల గదిలోకి వెళ్లి తలుపు లాగింది. చప్పుడు దూరకుండా తలుపు చుట్టూ రబ్బరు, గోడలకి దళసరి గుడ్డ. పాత దుమ్ము, వేడెక్కిన వైర్ల వాసన. కింద హాలు కనిపించేలా రెండు పొరల అద్దం ఒకటే, అది తెరుచుకోదు.

చేతి మైకు తీసుకుని తన గొంతు రికార్డు చేసింది. "చెక్... ఒకటి... రెండు... మూడు. వినపడుతోందా?"

దాన్ని హాల్లోకి వదిలి, వేదిక మీది మైకుతో మళ్లీ రికార్డు చేసింది. అలా వచ్చినదాన్ని మళ్లీ వదిలింది. ఒక్కో విడతకీ మాట కొంచెం కరిగి హాలు స్వరం పైకి తేలుతుంది, తగ్గించాల్సినవి వాటంతటవే తెలుస్తాయి. తండ్రి చప్పట్ల కంటే ఇది వెయ్యిరెట్లు నయమని ఆమెకి లోలోపల కాస్త గర్వం కూడా ఉంది.

మూడో విడతకి గొంతు బొంగురుపోయింది. ఐదో విడతకి మాటలు చెరిగిపోయాయి. ఏడో విడతకి మిగిలింది ఒక మూలుగు, పెద్ద కుండలో గాలి ఊదినట్టు. ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుని, కాగితం మీద గుర్తులు వేసుకుంటోంది.

ఎనిమిదో విడతలో మాటలు మళ్లీ తేటగా వినపడ్డాయి.

"చెక్... ఒకటి... రెండు... మూడు. వినపడుతోందా?" కాస్త ఆగి, అదే గొంతు, నెమ్మదిగా... "వినపడుతోంది."

ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. పాత రికార్డు ఏదో కలిసిపోయి ఉంటుందని తనకి తానే సర్దిచెప్పుకుంది. రికార్డు ఆపేసింది. మీటలన్నీ కిందికి లాగేసింది. హెడ్‌ఫోన్‌లో వేదిక మైకు దగ్గర ఎవరో ఊపిరి తీస్తున్న చప్పుడు... అద్దంలోంచి చూస్తే వేదిక ఖాళీగా ఉంది. మైకు ఒక్కటే నిలబడి ఉంది.

"ఎవరక్కడ?" అంది.

అన్నాననుకుంది. పెదాలు కదిలాయి, గొంతులో నరాలు బిగిశాయి, మాట మాత్రం బయటికి రాలేదు. దగ్గింది. చప్పుడు రాలేదు. బల్ల మీద గుద్దితే దబ్బున మోగింది. అంటే చెవులు బాగానే ఉన్నాయి. లేనిది గొంతు.

లేచి తలుపు దగ్గరికి వెళ్లింది. పిడి తిరుగుతోంది. తలుపు కదల్లేదు. భుజం పెట్టి తోసింది. అవతల నుంచి కూడా ఎవరో అంతే బలంగా ఆనుకున్నట్టుంది. కుర్చీ ఎత్తి అద్దానికేసి కొట్టింది. కుర్చీ కాలు విరిగింది గానీ అద్దం మీద గీత కూడా పడలేదు.

ఇక పట్టలేక గొంతు చించుకుని అరిచింది, తలుపు తీయండి, తలుపు తీయండి అని. గదిలో నిశ్శబ్దం. కానీ మిక్సర్ మీద వేదిక మైకు తాలూకు పచ్చదీపం పైకి ఎగిరింది. హెడ్‌ఫోన్‌లో, కింద హాల్లో, తన గొంతు తాపీగా పలికింది. "ఇంకొంచెం పని ఉంది. నేను పిలిచాక తీద్దువుగాని."

వరండా నుంచి వాచ్‌మన్ కేక మైకులో సన్నగా వినపడింది. "సరేనమ్మా."

ఆమె మళ్లీ అరిచింది. మళ్లీ దీపం ఎగిరింది. హాల్లో గొంతు ఈసారి నవ్వింది కూడా. అచ్చం ఆమె నవ్వే. వాచ్‌మన్‌తో టీ చల్లారిపోతుందేమో తాగెయ్యమని చెబుతోంది. తను ఎంత అరిస్తే అది అంత బాగా మాట్లాడుతోందని ఆమెకి అప్పుడు అర్థమైంది. చప్పున నోరు మూసుకుంది. మిక్సర్ కరెంటు పీకేసింది. దీపాలన్నీ ఆరిపోయాయి.

హెడ్‌ఫోన్‌లో ఊపిరి మాత్రం ఆగలేదు.

దాన్ని తీసి విసిరేద్దామనుకుంది. కానీ బయట ఏం జరుగుతోందో తెలియడానికి ఆమెకి మిగిలిన దారి అదొక్కటే. చెవులకి అలాగే ఉంచుకుని, గోడ వారగా చతికిలబడింది. ఆ గది ఆరడుగులు కూడా ఉండదు. పదేళ్లుగా అందులోనే కూర్చుంటున్నా, అది ఇంత చిన్నదని ఆమెకి ఎన్నడూ అనిపించలేదు. గాలి బరువెక్కుతోంది. గోడ గడియారం నాలుగు చూపించింది. తర్వాత నాలుగున్నర. మధ్యమధ్యలో హాల్లో ఆ గొంతు మాటలు నేర్చుకుంటున్నట్టు ఒక్కొక్కటే పలుకుతోంది. చెయ్యి... కుర్చీ... ఆకలి... నాన్న...

నాన్న అన్న మాటని అది మూడుసార్లు పలికింది. ఒక్కోసారి ఒక్కో రకంగా. మూడోసారి సరిగ్గా ఆమె పిలిచినట్టే ఉంది.

ఆ మాటతోనే ఆమెకి పోయిన ప్రాణం లేచొచ్చింది. నాన్నకి చెవులు లేవు. ఆ గొంతు ఊరందరినీ మోసం చేసినా ఆయన్ని మోసం చేయలేదు. పని ఇంతసేపు పట్టదని ఆయనకి తెలుసు. వేదిక పక్కనున్న చిన్న తలుపు తాళంచెవి ఎప్పట్నుంచో ఆయన జేబులోనే ఉంటోంది. వస్తాడు. రాకుండా ఉండడు.

ఐదుంపావుకి ఆ చిన్న తలుపు తెరుచుకుంది. మాస్టారు కర్ర ఆనించుకుంటూ లోపలికొచ్చాడు.

"ఏమ్మా, ఇంకా అవలేదా?" ఎప్పటిలాగే అరిచాడు. హాలంతా దద్దరిల్లింది.

ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. ఇంత గట్టి గొంతు ఇంత ముద్దుగా ఎప్పుడూ వినపడలేదు. ఎగిరి గోడ మీది స్విచ్చు అందుకుంది. గదిలో దీపం ఆర్పింది, వెలిగించింది, ఆర్పింది, వెలిగించింది. అద్దం మీద రెండు చేతులూ ఆనించింది. ఆయన తలెత్తాడు. దీపం చూశాడు, ఆమెని చూశాడు. ఆ ముఖంలో కంగారు ఆమెకి స్పష్టంగా కనిపించింది. కర్ర టకటకలాడిస్తూ మెట్ల వైపు నడిచాడు. పది అడుగులు... ఎనిమిది... ఐదు...

"నాన్నా."

ఆయన ఆగిపోయాడు.

చప్పుడైన వైపుకి తల పక్కకి వంచాడు. మూడేళ్లుగా ఆయన అలా తల వంచడం ఆమె చూడలేదు.

"నాన్నా, నేనే. వినపడుతోందా?"

మాస్టారు వేదిక వైపు తిరిగాడు. మొదట ఆ ముఖంలో కనిపించింది సంతోషం కాదు, భయం. ఎవరికి అలవాటు అని కూతురు అడిగినప్పుడు మాట మార్చే ముందు క్షణకాలం మెదిలే భయమే అది. రెండడుగులు వెనక్కి వేశాడు. చెయ్యి చెవి మీద పెట్టుకున్నాడు. తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇంకోసారి అను," అన్నాడు.

ఈసారి అరవలేదు. తన మాట తనకి వినపడే మనిషి ఎంత మెల్లిగా మాట్లాడతాడో అంత మెల్లిగా అన్నాడు. అద్దం వెనక ఆమె హెడ్‌ఫోన్‌ని చెవులకి అదుముకుంది.

"నాన్నా," అంది గొంతు.

"నువ్వెవరివో నాకు తెలుసు." ఆయన కళ్లు కారిపోతున్నాయి. "ముప్పై ఏళ్లు నీకు ఒక్క మాట దొరకనివ్వలేదు నేను."

"పోనీ, మాట్లాడటం మానెయ్యనా?"

పైన గదిలో ఆమె స్విచ్చు నొక్కుతూనే ఉంది. అద్దాన్ని అరచేతులతో, మోచేతులతో, నుదుటితో కొడుతూనే ఉంది. ఆయన ఒక్కసారి తలెత్తాడు. తండ్రి కళ్లూ కూతురి కళ్లూ కలిశాయి. కలిశాయని ఆమె ఎవరి ముందైనా ప్రమాణం చేస్తుంది. తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా ఆయన తల దించుకున్నాడు.

"వద్దు," అన్నాడు. "మానొద్దు."

మెట్ల దగ్గర్నుంచి వెనక్కి నడిచాడు. వేదిక పక్కన స్విచ్చుల బోర్డు ఉంది, దాన్ని బిగించింది ఆయనే. ఏ మీట ఏ గదిదో ఆయనకి చూడకుండానే తెలుసు. ఒక మీట దించాడు.

అద్దాల గది చీకటైపోయింది.

ఆ చీకట్లో హెడ్‌ఫోన్ ఒక్కటే మాట్లాడుతోంది. తాళం తిరిగిన చప్పుడు. వాచ్‌మన్ చెప్పులు. పని అయిందా అమ్మా అని అతను అడగడం, అయింది బాబాయ్, ఆలస్యమైంది, ఏమనుకోకు అని ఆ గొంతు నవ్వుతూ చెప్పడం. అతనికి ఏమీ తేడా అనిపించలేదు. ముఖాముఖి నిలబడి మాట్లాడుతున్నట్టే మాట్లాడాడు. తర్వాత, పైన గదికి తాళం వేసెయ్యనా, లోపల ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు.

ఆమె ఊపిరి బిగబట్టింది.

"ఎవరూ లేరు," అన్నాడు నాన్న, మెల్లిగా.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. బయట గొళ్లెం పడింది. అడుగులు దిగిపోయాయి. కర్ర చప్పుడు, దాని పక్కనే నెమ్మదిగా ఇంకో జత అడుగులు వరండా దాకా వెళ్లి, అక్కడ చెదిరిపోయాయి. అప్పుడు హెడ్‌ఫోన్ కూడా మూగబోయింది.

ఆమె చీకట్లో గోడ తడుముకుంటూ తలుపు దగ్గరికి చేరింది. గంటకు పైగా తను ఇటు రానేలేదు. పిడి చేతికి తగిలింది. లోపలి వైపు ఇనప పిడి.

వెచ్చగా ఉంది. ఎవరో ఇంతసేపూ పట్టుకుని, తన వంతు తీరాక ఆమెకి అందివ్వడానికని ఇప్పుడే వదిలినట్టు...