ఎనిమిదో నెల

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు ఆ ఓడలో వంటవాడు. నా గొడుగు పట్టుకెళ్ళి ఆరేళ్ళయింది, ఇంతవరకు తెచ్చివ్వలేదు. అయినా ఉన్నమాట ఉన్నట్టు చెప్పే మనిషి. తర్వాత ఎవరెవరో దీనికి తోకలూ కొమ్ములూ తగిలించారు. నేను తగిలించను.

పొగ రాని బండ్లకు బ్యాటరీలు కావాలి కదా. వాటికి కావలసిన లోహం సముద్రం అడుగున నల్లటి ముద్దలుగా పడి ఉంటుంది, బంగాళాదుంపలంత. ఆ మాత్రం పెరగడానికి లక్షల ఏళ్ళు పడుతుంది. వాటి కోసం ఓడ మీంచి ఒక యంత్రాన్ని నాలుగు కిలోమీటర్ల లోతుకు దించుతారు. అది అడుగంతా గీకి, గొట్టంలోంచి పైకి పీలుస్తుంది. వెనకాల బురద మబ్బులా లేస్తుంది. అది కమ్మిన చోట ఏదీ బతకదు. గాలి బాగుండాలని నీళ్ళ గొంతు నులమడమన్నమాట.

అందుకని ఒక నియమం పెట్టారు. కిటికీ లేని గదిలో ఒకడు తెర ముందు కూర్చోవాలి. యంత్రం దీపం వెలుగులో ప్రాణి కనబడితే ఎర్ర మీట నొక్కాలి. నొక్కితే యంత్రం పూటంతా ఆగిపోతుంది. ఆ పని చేసేవాణ్ణి అందరూ తెరకాపు అనేవారు. పక్క కుర్చీలో యంత్రం నడిపేవాడు అతని అక్క మొగుడే.

తెరకాపు ఓడెక్కేనాటికి ఇంట్లో భార్యకు ఎనిమిదో నెల. రెండు కాన్పులు పోయి మూడోది నిలిచింది. పురిటికి పక్కనుంటానని మాటిచ్చాడు. అనుకున్న మేర గీకితే గానీ ఓడ వెనక్కి తిరగదు. అయినా మొదటి వారంలోనే తొమ్మిదిసార్లు నొక్కాడు.

"అది ప్రాణా, ఎవడో పారేసిన మేజోడా?" అన్నాడు బావ.

"ప్రాణే బావా. కదిలింది."

"కదిలినవాటికల్లా నొక్కుతూ కూర్చో. నువ్వు ఇంటికెళ్ళేసరికి నీ బిడ్డకు మీసాలొస్తాయి."

తెరకాపు నవ్వాడు. ఆ మర్నాటి నుంచే వేలు బరువెక్కింది.

ఒక మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. గదిలో వేడెక్కిన తీగల వాసన. తెర మీద ఒక నల్ల ముద్ద, దాని మీద సన్నటి కాడ, కాడ చుట్టూ ఏదో తెల్లగా... ఆక్టోపస్. రంగన్నదే లేదు. ఒంట్లోంచి వెలుగు అవతలికి కనబడుతోంది. ఎనిమిది చేతులూ కాడకు చుట్టుకుని ఉన్నాయి. చేతుల కింద గుడ్లు, ద్రాక్షగుత్తిలా.

బావ కూడా చూశాడు. "నొక్కకు."

"తల్లి, బావా. పొదుగుతోంది."

"ఇంటి దగ్గరా ఒకతి ఉంది. ఏ తల్లి కావాలో తేల్చుకో."

యంత్రం దగ్గరైంది. ఆక్టోపస్ పారిపోలేదు. ఒక చెయ్యి విప్పి, మెల్లగా గుడ్ల మీద కప్పింది. అంతే. దీపం వైపు చూసింది.

తెరకాపు చేతులు చంకల్లో పెట్టుకున్నాడు.

గొట్టం ఒకసారి వణికింది. తర్వాత బురద. పూటపూటకూ కనబడింది రాసే ఓడ పుస్తకంలో తన చేత్తో రాశాడు: ప్రాణి కనబడలేదు.

సిరా ఆరలేదు... తెరంతా తెల్లబడింది. యంత్రం కెమెరా అద్దానికి అవతల ఒక చెయ్యి అతుక్కుని ఉంది. బావ యంత్రాన్ని ముందుకీ వెనక్కీ కుదిపాడు. వదల్లేదు. నాలుగు గంటలు పట్టి పైకి లాగారు. అద్దం మీద ఏమీ లేదు, కడిగినట్టుంది.

తెరకాపు చెప్పిన రోజుకంటే ముందే ఇల్లు చేరాడు. భార్య మంచం మీద కూర్చుని ఉంది, రెండు చేతులూ కడుపు చుట్టూ వేసుకుని.

"వచ్చారా," అంది, తల తిప్పకుండా.

"తిన్నావా?"

"ఆకలి లేదండీ. చేతులు తీస్తే వాటికి చలి."

"వాటికా?"

ఆమె చేతులు ఇంకాస్త దగ్గరికి చుట్టుకుంది.

డాక్టరమ్మ చూసి, "ఎనిమిదో నెల. గుండె బాగా కొట్టుకుంటోంది," అంది. నెల పోయాక వెళితే అదే మాట.

"పోయిన నెలా ఇదే అన్నారు కదమ్మా!"

"పోయిన నెలా? మిమ్మల్ని చూడటం ఇదే మొదలు."

ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. ఎనిమిదో నెలే. ఆమె ముద్ద ముట్టదు. జుట్టు తెల్లబడింది. దీపం వెనక పెడితే అరచేతిలోంచి వెలుగు కనబడుతుంది. ఓడెక్కే ముందు తెరకాపుకు పాఠం చెప్పారు: ఆ జాతిలో గుడ్లు చిట్లే రోజే తల్లి పోతుందని. అందుకే బిడ్డ రావాలని అతను మొక్కలేడు, రాకూడదనీ మొక్కలేడు. చెంచా పట్టుకుని ఆమె మూసుకున్న నోటి ముందు కూర్చుంటాడు.

దీపం వెలిగిస్తే మాత్రం కడుపు అటు తిరుగుతుంది. చర్మం మీద చిన్న చిన్న గుండ్రటి గుర్తులు వరసగా పైకి తేలతాయి... మళ్ళీ లోపలికి పోతాయి.

ఆ రోజు రాసింది దిద్దుతానని తెరకాపు ఓడ కచేరీ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. మూసిన పుస్తకం తెరవం పొమ్మన్నారు. తాగుబోతని పేరు కూడా పెట్టారు. వాడు చుక్క ముట్టడు. ఆ కచేరీ వాళ్ళను నేను చచ్చినా క్షమించను.

నిన్న వంటవాడు మళ్ళీ వచ్చాడు. తెరకాపు అక్క, అదే ఆ బావ భార్య, అన్నం మానేసిందట. కడుపు చుట్టూ చేతులు వేసుకుని కూర్చుందట. మనవలున్న మనిషి.

రాతకోతలు బాగా వచ్చినవాళ్ళెవరైనా వెళ్ళండి. పుస్తకంలో ప్రాణి కనబడలేదన్న ఆ మాట కొట్టేయించండి. తల్లి ఉంది, గుడ్ల మీద ఉంది, ఇద్దరూ చూశారు, మీట నొక్కలేదు అని రాయించండి. త్వరగా.