పదమూడో కళావరు

మధ్యాహ్నం మూడు గంటలకు, చేతిలో ఇంకా నాలుగు ముక్కలుండగానే, ఫైళ్ళ గుమస్తా పేకాట బల్ల మీద బోర్లా పడి చచ్చిపోయాడు. క్లబ్బు వాళ్ళు గుండెపోటు అన్నారు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు గురించి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన గది తలుపు గడియ పెట్టి నిదానాన్ని కూర్చోమన్నాడు. నిదానం అంటే ఏజెంట్ నంబర్ పంతొమ్మిది. ఏ పనికీ తొందరపడడని ఆఫీసంతా కలిసి పెట్టిన పేరు.

సరిహద్దు అవతల మన మనుషులు పదకొండు మంది ఉన్నారు. వాళ్ళ పేర్ల జాబితాను ఫైళ్ళ గుమస్తా మైక్రోఫిల్ముగా మార్చి, ఒక పేకముక్క పొరల మధ్య అంటించి, ఆ పేకను సీలు చెదరకుండా క్లబ్బు అలమరలో పెట్టాడు. పని కాగానే, వాణ్ణి డబ్బిచ్చి కొన్న అవతలివాళ్ళే వాడి నోరు మూయించారు. క్లబ్బు మూడో దేశం రాయబారిది. మన పోలీసులు దాని గడప తొక్కడానికి వీల్లేదు. గేటు దగ్గర జేబులన్నీ తడుముతారు. అక్కణ్ణించి బయటికి వచ్చేది ఒక్కటే. ఆఖరి పట్టు గెలిచినవాడు ఆడిన పేకను ఇంటికి తీసుకుపోవడం అక్కడి ఆనవాయితీ.

"రేపు ఏడో బల్లకు ఆ పేకే వస్తుంది. వజ్రాల వ్యాపారి వేషంలో వాళ్ళ మనిషి కూర్చుంటాడు. మిగతా పన్నెండు పట్లు వాడికే పోనీ. పదమూడోది నీది" అన్నాడు పెద్దాయన.

"ఓడిపోతే సార్?"

"పదకొండు ఇళ్ళకి వెళ్ళి చెప్పి రావాలి."

ఆ పనెలా ఉంటుందో నిదానానికి తెలుసు. వాళ్ళకంటే ముందు అక్కడ పని చేసిన మనిషిని నిదానం అన్నా అనేవాడు. తోడబుట్టినవాడు కాదు, అంతకంటే ఎక్కువ. ఆరేళ్ళ కిందట వంతెన పేలి అన్న పోయాడని కబురొస్తే, వదినకు ఆ మాట చెప్పడానికి వెళ్ళింది నిదానమే. ఇప్పటికీ ఆవిడ ఇంట్లో కుళాయి కారితే బిగించి వచ్చేది అతనే.

పేకాట నేర్పింది పెద్దాయన. ట్రెయినింగ్ గదిలో మూడు కుర్చీల్లో పెద్దాయన, అన్న, నిదానం, మధ్యలో చివరలు నలిగిన ఒక పాత పేక. జోడీ మొదట ఏ ముక్క పారేసిందో మరిచిపోకు, అది ఉత్తరం లాంటిది అనేవాడు. తురుపు చేతిలో ఉంది కదా అని వెంటనే కొట్టకు అనేవాడు. అన్నిటికంటే ముఖ్యం, పడిన తురుపులు లెక్కపెట్టు, లెక్క తప్పినవాడు ఈ ఉద్యోగానికి పనికిరాడు అనేవాడు. ఆ పేకలో కళావరు రెండు ఎప్పుడో పోయింది. మిగిలిన యాభై ఒకటీ ముగ్గురికీ తలా పదిహేడు సరిగ్గా వచ్చేవి కాబట్టి ఎవరూ కొత్తది కొనలేదు. ఏళ్ళ తరబడి ఆ గదిలో కళావర్లు పన్నెండే.

మర్నాడు మూడింటికి నిదానం నెరిసిన విగ్గుతో, చేతిలోని ముక్కలు కాక బల్ల మాత్రమే చూపే కెమెరా దాచిన కళ్ళజోడుతో, చెవిటి మిషను పెట్టుకున్న రిటైర్డు ఇంజనీరుగా క్లబ్బులోకి వెళ్ళాడు. మిషనులో పెద్దాయన గొంతు గురగురమంటోంది. ఏడో బల్ల దగ్గర చెవులకు పచ్చరాళ్ళు పెట్టుకున్న అందగత్తె కూర్చుని ఉంది. రెండు దేశాల దగ్గరా పని చేస్తూ రెండింటికీ నమ్మకంగా ఉన్నానని చెప్పుకొనే మనిషి.

"తెల్ల గొడుగు తెచ్చారా?" అన్నాడు నిదానం.

"వాన పడ్డాక తెరుస్తాను" అని కోడు పూర్తిచేసి, నవ్వుతూనే గొంతు తగ్గించింది. "ముందే చెప్తున్నా. ఆఖరి పట్టు ఎవరిదైతే నేను వాళ్ళ మనిషిని."

ఆవిడ నిదానానికి జోడీ. వజ్రాల వ్యాపారికి జోడీ ఏమీ తెలియని ఒక దంతవైద్యుడు. వ్యాపారి ముఖం సగం కాలి, మళ్ళీ కుట్టినట్టుంది. ఒక్క మాటా మాట్లాడడు. పేక సీలు విప్పి పంచారు. కళావరు తురుపు.

వ్యాపారి గొప్పగా ఆడాడు. తొమ్మిది పట్లలో ఆరు లాగేశాడు. ఆవిడ మొదట పారేసింది ఆఠీను పది. ఆ రంగులో నా దగ్గర బలం లేదని దాని అర్థం. పదో పట్టుకు దంతవైద్యుడు ఇస్పేటు దించితే, వ్యాపారి దాన్ని తన చివరి కళావరుతో కోశాడు.

"పన్నెండు" అని పెద్దాయన చెవిలో నిట్టూర్చాడు. "తురుపులు అయిపోయాయిరా. వాడి దగ్గర ఆఠీన్లున్నాయి. పోయింది."

సరిగ్గా అప్పుడే వ్యాపారి బొటనవేలు బల్ల మీద ఒక్కసారి తట్టింది. లెక్క ముగిసిందన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు.

నిదానం చేతిలో కళావరు రెండు ఉంది. బయట తురుపు మిగిలి ఉందని తెలిస్తే ఇంత మంచి ఆటగాడు తన చివరి తురుపును పదో పట్టుకు తగలెయ్యడు, ఆఖరిదాకా దాచుకుంటాడు. ప్రపంచంలో కళావర్లను పన్నెండుకే ఆపేసేవాళ్ళు ముగ్గురే. ఒకడు తను. ఒకడు చెవిలో ఉన్నాడు. మూడోవాడు వంతెన దగ్గర పోయాడన్నారు. ఆరేళ్ళు ఏడ్చిన ఏడుపంతా ఒక్కసారిగా సిగ్గుగా మారింది.

వ్యాపారి ఆఠీను ఆసు వేశాడు. నిదానం ఉన్న ఒక్క ఆఠీనూ ఇచ్చాడు. తర్వాత రాజు పడింది. తురుపు కొట్టవచ్చు, కానీ కొడితే ఆఖరికి పనికిమాలిన ఇస్పేటు మిగులుతుంది. ఇస్పేటే పారేశాడు. చివరగా రాణి పడింది. వ్యాపారి చెయ్యి అప్పుడే పేక కోసం ముందుకు వచ్చింది.

నిదానం రాణి మీద కళావరు రెండు పెట్టాడు.

"బయట దొరికే పేకలో యాభై రెండుంటాయి అన్నా" అన్నాడు మెల్లగా.

కుట్టిన ముఖంలో ఏమీ కదల్లేదు. గొంతు మాత్రం పాతదే వచ్చింది. "మీ వదిన ఎలా ఉంది?"

"నువ్వు పోయావని ఒకసారి చెప్పాను. దాన్ని మార్చి చెప్పే ఓపిక నాకు లేదు." నిదానం పేక సర్దుకుని లేచాడు. "గేటు బయట మావాళ్ళున్నారు, లోపల మీవాళ్ళున్నారు. ఎటు పోతావో నీ ఇష్టం."

పచ్చరాళ్ళావిడ అతని చెయ్యి పట్టుకుని గేటు దాకా వచ్చింది. అన్న రాలేదు. మర్నాడు పేపర్లో, క్లబ్బులో ఒక వజ్రాల వ్యాపారి గుండెపోటుతో పోయాడని నాలుగు లైన్లు పడ్డాయి.

ట్రెయినింగ్ గదిలో పెద్దాయన పేకంతా వెతికి, పొర ఉబ్బిన డైమను ఏడును పట్టుకుని యాష్‌ట్రేలో కాల్చాడు. వ్యాపారి ఎవరో నిదానం చెప్పాడు. పెద్దాయన అలవాటుగా మిగిలిన ముక్కలు కలిపి మూడు వాటాలుగా పంచాడు.

యాభై ఒకటి. తలా పదిహేడు సరిగ్గా వచ్చాయి. మూడో కుర్చీ ముందు పడిన పదిహేడూ ఎవరూ ఎత్తలేదు.