చదివి వినిపించగా విని

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు గువ్వ కనిపించడం లేదని తెలిసింది.

ఆమె కూర్చోవలసిన కుర్చీలో ఒక కాగితం ఉంది.

ఊరి బడిలో ఆ రోజు ఉచిత న్యాయ సహాయ శిబిరం. అక్కణ్ణుంచి లాయరమ్మ వ్యాన్‌లో గువ్వను పట్నం కోర్టుకు తీసుకెళ్లాలి. రెండు గంటలకు ఆమె సాక్ష్యం. ఏడాది కిందట రాళ్ల క్వారీలో జరిగిన పేలుడుకు ఆమె భర్త చనిపోయాడు. హెచ్చరిక సైరన్ మోగించకుండానే మందు పేల్చారని కేసు. మోగించామని యజమాని వాదన. ఆ క్వారీ గుంతలోంచి ప్రాణాలతో బయటపడిన మనిషి గువ్వ ఒక్కతే.

అప్పట్నుంచి ఆమె మాట తగ్గిపోయి, గువ్వపిట్టలా ఒదిగిపోయింది. అందుకే ఊళ్లో ఆ పేరు పెట్టారు.

పదకొండు యాభైకి ఎస్సై జీపు దిగింది. ముందుగా కాగితం చదివింది.

‘నాకు కేసు వద్దు. పుట్టింటికి పోతున్నాను. నన్ను వెతకవద్దు. పై సంగతులు నాకు చదివి వినిపించగా విని, నిజమని ఒప్పుకుని వేలిముద్ర వేశాను.’

కింద ఊదా రంగు వేలిముద్ర. లాయరమ్మ కేసు అప్పగిస్తూ గువ్వ వేలిముద్ర వేసిన పాత వకాలత్ తీసి, భూతద్దం పెట్టి పోల్చింది. ముద్ర గువ్వదే.

“ఇది కోర్టుకు చేరితే కేసు మూసేస్తారు. ఆవిణ్ణి ఎదురుగా నిలబెడితే తప్ప నేనేమీ చెయ్యలేను,” అంది లాయరమ్మ.

కోర్టుకు నలభై నిమిషాల దారి.

ఇద్దరు కానిస్టేబుళ్లు బడి అంతా తిరిగారు. గది గది దగ్గరా ఆగి పేరు పెట్టి పిలిచారు. తాళం వేసి ఉన్న చోట తలుపు కూడా తట్టారు. ఎక్కడా పలుకు లేదు. బస్టాండుకు ఫోన్ చేస్తే, పొద్దుటి నుంచి ఆడమనిషెవరూ బస్సెక్కలేదన్నారు.

ఎస్సై ప్రధానోపాధ్యాయుడి గదిలో కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచింది.

మొదట గువ్వ మరిది. ఆ క్వారీలోనే మేస్త్రీ. వదిన సాక్ష్యం చెబితే తన కొలువు పోతుందని నెల రోజులుగా తగువు పడుతున్నాడు.

“పొద్దున పది నుంచి ఎక్కడున్నావు?”

“క్వారీలోనే ఉన్నానండీ. హాజరు పుస్తకం చూసుకోండి.”

క్వారీ నుంచి పుస్తకం తెప్పించి చూసింది. నిజమే.

తర్వాత దస్తావేజు లేఖరి. అర్జీలు రాసిపెట్టడానికి శిబిరానికి పిలిపించిన మనిషి. చెవి మీద పెన్ను, జేబులో ఇంకు ప్యాడ్. పది ఇరవైకి గువ్వే వచ్చి రాయించుకుందని చెప్పాడు.

“చదివి వినిపించారా?”

“లేకపోతే ఎలా మేడమ్? తల ఎత్తకుండా రాస్తూ, గట్టిగా చదువుతూనే ఉన్నా. నా వెనకాల నిలబడి వింది. ఒక మాట మార్చమంది కూడా.”

“మీ వెనకాలే నిలబడిందా?”

“అవును మేడమ్.”

గువ్వ అత్తగారు ఏడుస్తూ వచ్చింది. కోడలు తనకు చెప్పకుండా గడప దాటదంది. పొద్దున లేపేటప్పుడు కూడా ఏమీ అనలేదంది.

“ఎలా లేపారు?”

“భుజం పట్టి కుదిపానమ్మా. పిలిస్తే...” అని ఆగిపోయింది.

ఎస్సై ఆ మాట అక్కడే వదిలేసింది. లాయరమ్మ వైపు తిరిగి, గువ్వతో మాట్లాడేటప్పుడు ఎప్పుడైనా వింతగా అనిపించిందా అని అడిగింది. లాయరమ్మ ఆలోచించింది. రాసుకుంటూ అడిగితే ఆమె జవాబు చెప్పేది కాదట. మొహంలోకి చూసి అడిగితే వెంటనే చెప్పేదట. దుఃఖంలో ఉంది కదా అని సరిపెట్టుకుందట.

పన్నెండు నలభై. ఎస్సై అందరినీ ఒకే గదిలో నిలబెట్టింది.

“ఈ కాగితంలో ఆఖరి వాక్యం ఎవరైనా చదివారా? ప్రతి దస్తావేజులోనూ ఉండేదే కాబట్టి కళ్లు దాన్ని దాటి పోతాయి. ‘చదివి వినిపించగా విని.’ పెద్దమ్మా, మీ కోడలికి వినిపిస్తుందా?”

ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“పేలుడు రోజునే చెవులు పోయాయమ్మా. తెలిస్తే ఎవరూ పనికి పిలవరని నోరు మెదపలేదు. పెదాలు చూసి నెట్టుకొస్తోంది.”

ఎస్సై లేఖరి వైపు చూసింది.

“మీ వీపు పెదాలు కదిపిందా?”

అతను గోడకు ఆనుకున్నాడు.

“పొద్దున శిబిరం రిజిస్టరులో వచ్చినవాళ్ల వేలిముద్రలు వేయించింది మీరే. ఆవిడ చేత తెల్లకాగితం మీద ఇంకొకటి వేయించారు. మనిషి ఎక్కడ?”

అతను తలుపు వైపు చూశాడు. ఎస్సై ఆగలేదు.

“చెప్పక్కర్లేదు. మా వాళ్లు తలుపుల బయట నిలబడి పిలిచారు. చెవులు వినపడని మనిషిని పిలిస్తే ఏం లాభం? తాళాలన్నీ తెరవండి.”

వెనక వరసలో మూడో గది. విరిగిన బెంచీలు పడేసే గది. తాళం తీయగానే లోపలికి వెలుగు పడింది.

గువ్వ ఒక బెంచీ మీద అటు తిరిగి కూర్చుని ఉంది. ఎవరూ కట్టెయ్యలేదు. పెదాలు మెల్లగా కదులుతున్నాయి. సాక్ష్యం వల్లె వేసుకుంటోంది. వెలుగు చూసి వెనక్కి తిరిగింది.

లాయరమ్మ వచ్చేదాకా ఇక్కడే ఉండమని లేఖరి చెప్పాడట. బయట తాళం పడిన సంగతి ఆమెకు తెలియదు.

“ఆలస్యమైందా అమ్మా?” అని అడిగింది.

క్వారీ యజమాని మనిషి తన చేత ఏమేం చేయించాడో లేఖరి జీపులో ఒక్కొక్కటే బయటపెట్టాడు.

ఒంటి గంటా యాభై రెండుకు వ్యాన్ కోర్టు ఆవరణలోకి వచ్చింది. దారి పొడుగునా గువ్వ అత్తగారి చెయ్యి వదల్లేదు. ఇక దాచవద్దని లాయరమ్మ ఆమె ఎదురుగా కూర్చుని చెప్పింది. గువ్వ తల ఊపింది.

బోనులో ఆమె ముందుగా తన చెవుల సంగతే చెప్పింది. జడ్జి గారు ప్రశ్న అడిగేవాళ్లను ఆమెకు ఎదురుగా నిలబడమన్నారు.

యజమాని తరఫు లాయరు లేచాడు. గొంతులో ఉత్సాహం దాచుకోలేకపోయాడు.

“అయితే చెవిటిదానివి. ఆ రోజు సైరన్ మోగలేదని నీకెలా తెలుసు?”

గువ్వ అతని పెదాల నుంచి చూపు ఎత్తి, కళ్లలోకి చూసింది.

“ఆ రోజు పొద్దున నాకు అన్నీ వినపడ్డాయి అయ్యా. పిట్టలు వినపడ్డాయి. మా ఆయన సుత్తి వినపడింది. నన్ను నీళ్లు తెమ్మన్న ఆయన గొంతు వినపడింది. ఆ వెంటనే మందు పేలింది. నేను ఆఖరుగా విన్నది అదే. మధ్యలో సైరన్ లేదు.”

కోర్టు హాల్లో ఎవరూ కదల్లేదు.

ఆ నిశ్శబ్దం తనొక్కదానిదే కాదని, అందరిదీ అని గువ్వకు వాళ్ల మొహాలు చూశాక తెలిసింది.