అడవి గులాబి మీద కంప్లైంట్

"మేడం, మీరిచ్చిన మొక్కకు ముళ్లు తప్ప ఏం రాలే!" హెల్మెట్ తియ్యకుండానే సత్తుపల్లి రోడ్డు మీది నర్సరీలోకి దూసుకొచ్చాడు అనిల్‌కుమార్.

నాగలత తలెత్తలేదు. "అడవి గులాబి సార్ అది. ముళ్లు రాకుంటే అనుమానపడాలె."

"రెండేళ్లాయె, ఒక్క పువ్వు లేదు."

"కొన్నప్పుడే చెప్పిన గదా, పాత కొమ్మలకే పూస్తది, కత్తెర పెట్టొద్దని. సరే, వచ్చి చూస్త."

అలా వచ్చి చూడటం ఆమెకూ, చూపించడం అతనికీ అలవాటైపోయింది. మొక్క మాత్రం పూయడం అలవాటు చేసుకోలేదు. తన నాయన చేను పక్కన, వాగొడ్డున అయిదు రేకులతో తెల్లగా పూసే గులాబి నుంచి కొమ్మ తెచ్చి పెంచింది నాగలత.

అనిల్ తల్లి నిర్మలాదేవి యూట్యూబ్ చూసి దానికి అరటితొక్కల నీళ్లు పోసేది. "ఏం తక్కువ చేసిన నీకు?" అని కొడుకును అడిగినట్టే మొక్కనూ అడిగేది. నాగలత వస్తే స్టీలు గ్లాసులో చాయ్ ఇచ్చేది. షోకేసులో పింగాణీ కప్పులున్నాయి గానీ, అవి చాయ్ కోసం కొన్నవి కావు. అనిల్ అక్క పెళ్లిచూపులకు ఒకసారి కిందికి దిగి, మళ్లీ పైకెక్కాయి.

ఒక సాయంత్రం సన్నగా జల్లు పడుతోంది. నాగలత మొక్క ముందు కూర్చుంది.

"కొమ్మల చివర్లన్నీ నున్నగా తెగినయి సార్."

"మేకలేమో."

"గేటుకు తాళం ఉంటది గదా. మేకకు స్పేర్ కీ ఇచ్చిండ్రా?"

అనిల్ గేటు వైపు చూశాడు. గేటు సాయం చెయ్యలేదు.

"ఇగ దీన్ని పీకేసి హైబ్రిడ్ ఇస్త. జల్దీ పూస్తది. మళ్ల నేను రావాల్సిన పనే ఉండది."

"వద్దు! నేనే కోసిన."

"ఎందుకు?"

"పూస్తే కంప్లైంట్ ఏముంటది? కంప్లైంట్ లేకుంటే మీరెందుకొస్తరు?"

వాన కొంచెం పెరిగింది. ఇద్దరూ కదల్లేదు.

"మొదటిసారే చూసిన ఆ కోతలు," అంది నాగలత చేతి మట్టి దులుపుకుంటూ. "ఇన్ని మొక్కలమ్మిన. ఎవరింటికన్న పోయి చూసిననా?"

పాలసీ కాగితాలు కస్టమర్లకు రెండుసార్లు చదివి చెప్పే ఉద్యోగం అనిల్‌ది. తనకెవరైనా రెండుసార్లు చెబితే బాగుండుననిపించింది. "అంటే..."

"అంటే ఆ కత్తెర ఇటియ్యి. వచ్చే ఎండకాలం దాక దాన్ని ముట్టకు. పూసినంక మా నాయనను తీస్కొస్త, చూస్తడు."

"పువ్వునా?"

"నిన్ను."

తలుపు తెరుచుకుంది. నిర్మలాదేవి ట్రేతో వచ్చింది. ట్రేలో షోకేసు కప్పులు.

"అమ్మా! అంత విన్నవా?"

"వినుడేందిరా? పొద్దటి నుంచి కడుగుతున్న, దుమ్ము పోతలేదు." ఒక కప్పు నాగలత చేతికిచ్చింది. "పైలం బిడ్డా. అది పగిలిందనుకో, మీ నాయనకు స్టీలు గ్లాసే!"