ఎడమకి వంగితే సముద్రం

ఆగండి. ఎక్కడికా పరుగు? కాస్త కూర్చుని ఇది వినండి, చివర్లో మీతో పనుంది.

పరాయి దేశంలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, మూడో అంతస్తులో ఒక హాలిడే ఫ్లాట్. సెలవులకొచ్చిన వాళ్ళు అద్దెకి దిగుతారు, ఇసుక కాళ్ళతో సోఫా ఎక్కుతారు, తువ్వాళ్ళు పట్టుకుపోతారు. ఓనర్ మాత్రం దుప్పట్లు ఉతికి, గీజర్ బాగుచేయించి, అందరికీ నవ్వుతూనే తాళాలిస్తాడు. అసలు సంగతేంటంటే ఆ ఫ్లాట్ మన సీక్రెట్ సర్వీస్ వాళ్ళు తలదాచుకునే సేఫ్ హౌస్. అతను ఏజెంట్. డిపార్ట్‌మెంట్‌లో కూడా అందరూ అతన్ని ఓనర్ అనే పిలుస్తారు. తుపాకీ పట్టి ఎన్నాళ్ళయిందో గుర్తులేదు గానీ ఇస్త్రీపెట్టె మాత్రం రోజూ పడతాడు.

ఆ రోజు పొద్దున గెస్టులు ఖాళీ చేశారు. ఓనర్ మాసిన దుప్పట్లు మూట కడుతుంటే ఎవరో తలుపు తట్టారు. గుమ్మంలో ప్లంబర్ వేషంలో ఒక మనిషి.

"బావా, గీజర్ చూడమన్నారు" అని నవ్వబోయి, అలాగే ఓనర్ మీదకి ఒరిగిపోయాడు.

సొంత బావమరిది. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. ఒక బాంబుల ముఠాలో వాళ్ళ మనిషిగా చేరి గుట్టు లాగుతున్న ఏజెంట్. భుజంలో బుల్లెట్. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఆ సాయంత్రం రేవు దాటే ఓడల్లో ముఠా బాంబు పెట్టింది దేన్లోనో మనవాళ్ళలో వాడొక్కడికే తెలుసు. వాడికేమో స్పృహ లేదు.

ప్రతి అద్దె ఫ్లాట్‌లోనూ గెస్టులు తెరవకూడని గది ఒకటి ఉంటుంది. ఓనర్ వాణ్ణి ఆ గదిలో, అదనపు దిండ్ల మీద పడుకోబెట్టాడు. ఆస్పత్రికి తీసుకెళ్తే గంటలో ముఠాకి తెలిసిపోతుంది. చీఫ్‌కి సీక్రెట్ లైన్‌లో చెప్పాడు. డాక్టర్ గెస్టులా వస్తారనీ, కోడ్ పాతదేననీ, అప్పటిదాకా ప్రాణం నిలబెట్టమనీ చెప్పి చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

ప్రాణం నిలబెట్టడమంటే ఏంటి? తడి తువ్వాలు తియ్యడం, మళ్ళీ తడపడం. అంతే కదా అతని చేతిలో ఉన్నది. ఇంతలో భార్య ఫోన్. విషయం ఎలా పసిగట్టిందో ఏమో, ఏడవలేదు, అరవలేదు.

"ఏవండీ, వాణ్ణి ఆ ఉద్యోగంలో పెట్టించింది మీరే. తిరిగి తెచ్చేదీ మీరే. వాడు లేకుండా మీరొక్కరే రాకండి."

ఓనర్ "ఊఁ" అన్నాడు. తువ్వాలు మళ్ళీ తడిపాడు.

మధ్యాహ్నానికి బావమరిది పెదాలు నల్లబడ్డాయి. ఊపిరి ఉందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకోవాల్సి వస్తోంది. అప్పుడు మోగింది బెల్లు.

నల్ల కళ్ళద్దాలు, పట్టు స్కార్ఫు, చేతిలో చిన్న బ్యాగు. వీధి వీధంతా తిరిగి చూసే అందం. లోపలికొచ్చి కర్టెన్ తీసి, అచ్చ తెలుగులో, "సీ వ్యూ అన్నారు, పార్కింగే కనిపిస్తోందే?" అంది.

కోడ్.

"తల కాస్త ఎడమకి వంచండి" అన్నాడు ఓనర్. ప్రాణం లేచొచ్చింది అతనికి.

ఆమె కళ్ళద్దాలు తీసింది. కళ్ళనిండా నీళ్ళు. తను డిపార్ట్‌మెంట్ డాక్టర్ననీ, పైగా అతని బావమరిదిని రహస్యంగా పెళ్ళి చేసుకున్నాననీ, ఉద్యోగం వల్ల ఇంట్లో చెప్పుకోలేకపోయామనీ చెప్పింది. ఓనర్ వెంటనే ఆ గది తలుపు తెరిచాడు. ఆమె వాడి నుదురు నిమిరి, బ్యాగులోంచి సిరంజి తీసింది.

"కాస్త చెయ్యి గట్టిగా పట్టుకోండి బావగారూ" అంది.

పట్టుకున్నాడు. సూది చర్మానికి వెంట్రుకవాసి దూరంలోకి వచ్చింది. అప్పుడు తట్టింది ఓనర్ బుర్రకి.

బావగారా?

బావమరిది పెళ్ళాం అంటే తనకి చెల్లెలి వరస. పాలు తాగే పిల్లకైనా తెలుసే! అన్నయ్యా అనాలి. బావా అంటే మరదలి వరస, సరసం వరస.

"అమ్మా, నన్ను బావ అన్నావేం?"

"మా ఆయన అలాగే పిలుస్తారుగా."

తెలుగంతా నేర్పారు గానీ వరసలు నేర్పలేదు ముఠావాళ్ళు. ఓనర్ ఆమె మణికట్టు మెలితిప్పాడు. సూది దిండులో దిగింది. దిగిన చోట బట్ట ఆకుపచ్చగా మారి కంపు కొట్టింది. ఆమె మోకాలితో అతని కడుపులో పొడిచి బయటికి ఉరికింది. ఓనర్ నేలమీద పాకుతూ టీవీ రిమోట్ అందుకుని ఎర్ర బటన్ నొక్కాడు. అది టీవీది కాదు. వీధి తలుపుకి ఠక్కున ఉక్కు గొళ్ళెం పడింది. కానీ బాల్కనీలో ఆరేసిన దుప్పట్లున్నాయి కదా! రెండు ముడేసి, కటకటాలకి కట్టి, సర్రున జారిపోయింది. నిన్ననే ఉతికినవి, పాపం.

కాసేపటికి మళ్ళీ బెల్లు. బీచ్ టోపీలో బట్టతల పెద్దాయన, చేతిలో పెద్ద బ్యాగు, ఆయాసం.

"సీ వ్యూ అన్నారు, పార్కింగే..."

ఓనర్ కాలుతున్న ఇస్త్రీపెట్టె ఆయన ముక్కు దగ్గర పెట్టాడు. "నా భార్య మీకేమవుతుంది?"

"నాకేమవుతుందయ్యా, నేను డాక్టర్ని!"

ఆ జవాబు చాలు.

బుల్లెట్ బయటికి వచ్చింది. బావమరిది కళ్ళు తెరిచి ఓడ పేరు గొణిగాడు. ఆ ఓడ ఆఖరి కూత కూసి తాళ్ళు విప్పుకుంటుండగా మనవాళ్ళు ఎక్కి బాంబు తీసేశారు. ఓనర్ భార్యకి ఫోన్ చేసి రిసీవర్ తమ్ముడి చెవి దగ్గర పెట్టాడు. వాడు "అక్కా" అన్నాడు. అంతే, అవతల ఏడుపు.

"బావా, నాకు పెళ్ళయిందట కదా? అమ్మాయి బాగుందా?" అన్నాడు తర్వాత.

ఇంతకీ కోడ్ ఆమెకెలా దొరికింది? నవ్వకండి. ఆ ఫ్లాట్‌కి రివ్యూ రాసిన ప్రతి గెస్టూ పార్కింగే కనిపిస్తోందని ఏడ్చేవాడు. ప్రతి దాని కిందా ఓనర్ తల ఎడమకి వంచమని మర్యాదగా జవాబిచ్చేవాడు. డిపార్ట్‌మెంట్ మహానుభావులు సహజంగా ఉంటుందని దాన్నే కోడ్ చేశారు. బావమరిది వెనకే వచ్చిన ఆమె, మెట్ల మీద నిలబడి "బావా" అన్న పిలుపు వింది, ఫోన్లో రివ్యూలన్నీ చదివి, మళ్ళీ మళ్ళీ వచ్చే ఆ మాటే కోడ్ అని పట్టేసింది.

మర్నాడు కొత్త రివ్యూ పడింది. ఒక్క స్టార్. "దుప్పట్లు గట్టివి. ఓనర్‌కి చుట్టరికాల పట్టింపు మరీ ఎక్కువ. మళ్ళీ తప్పకుండా వస్తాను, అన్నయ్యా."

ఏ రివ్యూకీ జవాబివ్వకుండా వదల్లేదు కాబట్టి దీనికీ ఇవ్వాల్సిందే, లేకపోతే కవర్, అదే ఈ ఓనర్ వేషం, పోతుందన్నాడు చీఫ్. పక్క గదిలో బావమరిది ఇంకా లేచి నడవలేడు. ఓనర్ పొద్దుట్నుంచీ ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు, ఒక్క అక్షరం పడలేదు.

మీరైతే ఏమని రాస్తారు?